గోటి మీద చుక్క

ఈ ఉదయం కొబ్బరినూనె సీసాను ఎంతసేపు తలకిందులుగా పట్టుకున్నా చుక్క రాలలేదు. చలికి తెల్లగా పేరుకుంది. దాన్ని ఎండలో పెడుతుంటే గౌలిపురలో మా కాక పాలబండి గుర్తుకొచ్చింది.

మాది తరాలుగా పాల ఇల్లు. మాకు చిక్కన అంటే నిజాయితీ, పల్చన అంటే మోసం. వాడేసిన వంటనూనెతో తయారైన బయోడీజిల్ పోసి బండి నడిపి తీరతానని కాక పంతం పట్టాడు. ఉస్మాన్‌గంజ్ దుకాణదారు రెండు డబ్బాలు చూపించాడు. కాక పాలను పరీక్షించినట్టే బొటనవేలి గోటి మీద ఒక్కో చుక్క వేసుకున్నాడు. ఒకటి నిలిచింది, ఒకటి జారిపోయింది. జారినదాన్ని చూపిస్తూ "దీంట్ల నీళ్లు కలిపినవ్ గద భాయ్, మాకే చెప్తవా?" అని నవ్వి చిక్కటి డబ్బా ఎత్తుకున్నాడు. "చాచా, గది ఇంకా కచ్చా మాల్, డీజిల్ గాలే," అని దుకాణదారు మొత్తుకున్నా వినలేదు. అవి నేను గ్రంథాలయంలో భౌతికశాస్త్రం పుస్తకాలు నమిలేస్తున్న రోజులు. "కాకా, స్నిగ్ధత అని ఒకటుంటది. నూనె చిక్కగుంటే ఇంజన్ల సన్నగ తుంపర కాదు, సక్కగ కాలదు," అన్నాను. "నీ లైబ్రరీ బర్రెను పిండుతదా బిడ్డా?" అన్నాడు.

చలి ముదిరిన ఒక తెల్లవారుజామున బండి మొరాయించింది. జహనుమాలో పెళ్లివారు చాయ్‌కి పాల కోసం చూస్తున్నారు. ఆలస్యమైతే ఆ బేరమే కాదు, కాక మాట కూడా పోతుంది. ఇంధనం గొట్టంలో గడ్డకట్టిందని నేను పుస్తకభాషలో వివరిస్తుండగానే చిన్నమ్మ కుడితి కోసం కాచిన వేడినీళ్లలో గుడ్డ ముంచి తెచ్చింది. "నెయ్యి పేరుకుంటే ఏం జేస్తం? గింత దానికి ఇంత లొల్లేంది?" గొట్టానికి, ఫిల్టర్‌కి చుట్టి చుట్టి తీస్తే, నల్లటి పొగ కక్కుతూ బండి కదిలింది. పాలు అందాయి.

మర్నాడు ఉస్మాన్‌గంజ్ దుకాణంలో కాక మళ్లీ గోటి మీద చుక్క వేశాడు. "జారిందిరా! గిదే ఇయ్యి భాయ్," అన్నాడు. అసలు కష్టం తర్వాత వచ్చింది. చలికాలంలో పల్చటిది కూడా పేరుకోవచ్చని, అందులో మామూలు డీజిల్ కలపాలని నేను చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది. "మా ఇంట్ల కలుపుడు లేదురా." కానీ పాలు వేళకు చేరాలి. అందుకే రోజూ డబ్బాలు కొట్టం బయటికి తీసుకెళ్లి, బర్రెలకు వీపు తిప్పి కలిపేవాడు.

రోజులు పల్చటి నూనెలా జారిపోతూనే ఉన్నాయి. ఆ వీపు మాత్రం నాకు గోటి మీద చుక్కలా నిలిచిపోయింది.