నల్ల పడవకు రామసుబ్బు చెప్పిన అర్థం

మా రామసుబ్బన్న దృష్టిలో ఇంగ్లీషు రాక్ పాట తాళం వేసిన పెట్టె. తమిళనాడు కోవిల్‌పట్టిలో ఆయన క్యాసెట్ల కొట్టు సెల్‌ఫోన్ కవర్ల కొట్టుగా మారి చాలా ఏళ్ళయింది. అయినా ఆదివారం మధ్యాహ్నం ఏడెనిమిది మందిమి అక్కడ చేరి, ఆయన ఆ తాళాలు తీస్తుంటే వినాల్సిందే. పాటలో పిల్లి వస్తే ప్రభుత్వం అంటాడు. రైలొస్తే ఆత్మ అంటాడు. "నిజంగా పిల్లే అయ్యుండొచ్చు గదన్నా?" అన్నందుకు రెండు వారాలు నాకు టీ చెప్పలేదు. ఈ పాటల పిచ్చి ఎలా పట్టిందని ఎవరైనా అడిగితే, "మా అమ్మ నాకు జోల పాడలేదు, అందుకని ఇంగ్లీషోళ్ళ దగ్గరికి పోతిని" అని నవ్వేవాడు.

ఆయన ప్రాణమంతా ఒక్క పాట మీద. ఇంగ్లండులో ఏదో మిల్లుల ఊరివాళ్ళు ఐదుగురు, యాభై ఏళ్ళ కిందట కట్టిన పాట. అందులో ఒక స్త్రీ రోజుకు మూడొందలసార్లు నల్ల పడవను ముద్దు పెట్టుకుంటుంది. ఆ పడవ నీళ్ళు లేకుండానే ఇటూ అటూ దాటుతుంటుంది. చివరికి ఆమె గొంతులో తెల్ల మంచు కురిసి, పాట ఆగిపోతుంది. పడవంటే చావు, మంచంటే మత్తుమందు అని రామసుబ్బన్న ముప్పై ఏళ్ళుగా తీర్పు చెబుతున్నాడు. ఆ సంగతి విరుదునగర్ కాలేజీ పిల్లల చెవిన పడి, వచ్చి మాట్లాడమని పిలిచారు. ఆయన్ని ఎవరైనా వేదిక మీదికి పిలవడం అదే మొదటిసారి. కొత్త చొక్కా కుట్టించుకున్నాడు.

ఆయన అక్క బొమ్మక్క కూడా మాతో బస్సెక్కింది. తమ్ముడు మైకు ముందు నిలబడితే కళ్ళారా చూడాలని ఆమె సంబరం. చిన్నప్పటినుంచీ పవర్‌లూమ్ షెడ్డులో బట్ట నేసిన మనిషి ఆమె. వాళ్ళమ్మ తంగమ్మ దగ్గరే పని నేర్చుకుంది. తమ్ముడు మాత్రం ఆ షెడ్డు గడప తొక్కనని మొండికేసి కొట్టు పెట్టుకున్నాడు. సాత్తూరు దాటగానే ఆయన తన ఉపన్యాసం మా ఇద్దరికీ వినిపించడం మొదలుపెట్టాడు.

"ఆ పడవ ఎట్ల ఉండాదంటివి?" మధ్యలో ఆపింది బొమ్మక్క.

"నల్లగా, రెండు కొనలూ మొనదేలి ఉండాది. చావుకు గుర్తు అక్కా."

"చావేందిరా, నీ తల! అది నాడె దా!"

ముందు సీటువాళ్ళు వెనక్కి తిరిగారు. మా వైపు తెలుగులో 'దా' అంటే అచ్చంగా అదే అని. నాడె అంటే మగ్గం మీద పేక దారాన్ని ఇటూ అటూ మోసుకుపోయే కొయ్య పనిముట్టు. బొమ్మక్క అరచెయ్యి దోనెలా ముడిచి, నోటికి ఆనించి, సర్రున గాలి పీల్చింది.

"నాడెలో నూలు కండె మార్చినప్పుడంతా కొన దాని కన్నంలోనుంచి బయటికి రావాల గదా. ఇట్ల నోట పెట్టి పీలిస్తే దా వొచ్చును. చూసేవాళ్ళకు ముద్దు పెట్టినట్ల దా ఉండును. నూనే మురికీ పట్టి అది నల్లగా అయిపోవును. మూడొందలేమిరా, నేను ఇంకా ఎక్కువే పీలిస్తిని!"

నీళ్ళు లేకుండా దాటే పడవ! పడుగు దారాల మధ్య పరుగెత్తే నాడె! ఆగలేక ఫోనులో పాట పెట్టేశాను. డ్రమ్స్ మొదలవగానే బొమ్మక్క పాదాలు ఆడాయి. "షెడ్డు సద్దు గదరా ఇది!" అని అరిచింది. కండక్టరు కూడా వచ్చి నిలబడి విన్నాడు. రామసుబ్బన్న ఒళ్ళో మాత్రం పదకొండు పేజీల చావు ఉంది, ఇంకో అరగంటలో దాన్ని చదవాలి.

"మరి మంచో?" అన్నాడు మెల్లగా.

బొమ్మక్క ఆయన్ని ఒకసారి చూసి, కిటికీ వైపు తిరిగింది. "ముందు నీ పని కానీ, పో" అంది.

వేదిక మీద రామసుబ్బన్న కాగితాలు విప్పాడు, మడిచాడు, కొత్త చొక్కా జేబులో కుక్కేశాడు. "ఈ పాటకు ముప్పై ఏళ్ళు తప్పుడు అర్థం చెప్పాను. సరైన అర్థం తెలిసిన మనిషి మూడో వరసలో కూర్చుంది" అని తమిళంలో అన్నాడు. బొమ్మక్క జంకు లేకుండా ఎక్కి, పడవ సంగతి చెప్పి, మైకు ముందే అరచెయ్యి ముడిచి నాడె పీల్చే తీరు చూపించింది. ఆ సర్రుమనే చప్పుడు స్పీకర్లలోంచి రాగానే హాలంతా ఈలలు! పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అంతలో ఒకమ్మాయి చెయ్యెత్తి, మంచు సంగతేమిటని అడిగింది.

బొమ్మక్క తమ్ముడి వైపు తిరిగి ఇంటి తెలుగులోకి వచ్చేసింది. "పంజురా అది. షెడ్డులో ఎగిరే దూది. తలమీద, రెప్పలమీద, లోపలంతా పడును. అమ్మ అట్ల దగ్గి దగ్గి దా గదరా పోయింది."

రామసుబ్బన్న మైకు సంగతే మరిచిపోయాడు. "అంటే అమ్మ... పాడేదా అక్కా?"

"నాకు పాడేది. నువ్వు పుట్టే కాలానికి గొంతు పోయింది. నిన్ను ఒళ్ళో వేసుకొని పెదాలు మాత్రం ఆడించేది. నేను చూస్తిని."

ఆ తర్వాత పిల్లలు పాట పెట్టారు. రామసుబ్బన్న అక్క చెయ్యి పట్టుకుని చివరిదాకా విన్నాడు. ఒక్క మాటకూ అర్థం చెప్పలేదు.