గోనెసంచి తాగిన పెట్రోలు

ఏటా వరికోతల దుమ్ము లేవగానే నా ముక్కు వాసన పట్టే పనికి నెలరోజులు సెలవు పెడుతుంది. ఇంట్లో దీన్నెవరూ జబ్బు కింద లెక్కగట్టరు. ఆవిరి పట్టుకోమని ఒక్కరూ అనరు. కూర మాడుతోందేమో చూడమని మాత్రం నన్నే పిలుస్తారు.

ఆ రోజుల్లోనే ఎడపల్లి దగ్గర మా చెరుకు తోట గట్ల మీద గడ్డి కోయించి, పెట్రోలుతో నడిచే పొడుగాటి గడ్డి మిషన్‌ను నిజామాబాదు ఇంటికి తెచ్చాను. తోటలో వదిలితే తెల్లారేసరికి ఉండదు. అవ్వ బీడీలు చుట్టే వెనక అర్రలో నిలబెట్టబోతే అటక అడ్డమొచ్చింది. సరే అని పడుకోబెట్టాను. ట్యాంకు మూత దగ్గర కాస్త చెమ్మ కనబడితే కింద గోనెసంచి పరిచాను. డిగ్రీ చదివినవాడి జాగ్రత్త అంతవరకే వెళ్లింది.

మూడోనాడు పొద్దున అవ్వ చాటలోంచి తలెత్తింది.

"కొడుకా, అర్రల ఏందో వాసనొస్తుంది."

"తంబాకు వాసనేనే అవ్వా."

"పెండ్లైనసంది తంబాకుల్నే ఉన్న. గిది తంబాకుది గాదు."

గట్టిగా పీల్చి చూశాను. ఏమీ తెలియలేదు. కాబట్టి ఏమీ లేదని తీర్పు చెప్పాను. మధ్యాహ్నం మళ్లీ అడిగింది. తీర్పు మార్చలేదు.

సాయంత్రానికి ఎందుకో మనసు నిలవలేదు. మిషన్ ఎత్తి ఊపాను. నిండా ఉండాల్సిన ట్యాంకులో చుక్క చప్పుడు లేదు. కింద పరిచిన సంచీ లేదు. మా ఇంట్లో గోనెసంచి కనబడితే అది బీడీలు చుట్టే తునికాకు కట్టడానికే. అవ్వ రాత్రే దాన్ని లాగి, తడిపి, అందులో ఆకు మూటగట్టి పెట్టింది. ఇప్పుడు ఆ మూట పక్కనే, గూట్లో దీపానికి వత్తి సరిచేసి, అగ్గిపుల్ల తీసింది.

"అవ్వా, గీకకు!"

అగ్గిపెట్టె లాక్కున్నాను. కిటికీలు తెరిచాను. మిషన్‌నూ మూటనూ పెరట్లో, గాలి ఆడే రేకుల కిందికి మోశాను. తర్వాత కూర్చోలేక నాలుగుసార్లు వెళ్లి చూసొచ్చాను. అది ఎక్కడికీ పోదని తెలుసు. ఆ పూట దీపం వాకిట్లో వెలిగింది.

మర్నాడు కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునే మనిషి ఆ ఆకుతో చుట్టిన ఒక కట్ట వాసన చూసి, గంప గంపే వెనక్కి పంపాడు. అవ్వ దాన్ని తెచ్చి నా ముందు దించింది. మిషన్ ఇక పెరట్లోనే ఉంటుందని, మూత వాషరు మార్పిస్తానని, ట్యాంకు ఖాళీ చేశాకే ఇంటికి తెస్తానని వివరంగా చెప్పుకొచ్చాను.

"మంచిదే," అంది అవ్వ. "గని రెండుమాట్ల జెప్పిన గద. నా మాట నమ్మనీకి గుడ నీకు ముక్కు గావాల్నా?"