కడిగిన సీసా

బెల్లంపల్లి దవాఖానకు పోయే బస్సులో నా మందు సీసా పగిలింది. ఎవరి సీసా వాళ్లు తెచ్చుకోకపోతే కాంపౌండర్ మందు పోయడు. ఇంట్లో మా ఆయన దగ్గి దగ్గి రొప్పుతున్నాడు. నేను ఏడుస్తుంటే, పక్కన కూర్చున్న పెద్దామె సంచిలోంచి కడిగిన సీసా తీసింది.

“తీసుకో చెల్లె. మా ఇంట్ల దీంతోని ఇగ పని లేదు.”

“మీ ఆయనకు నయమైందా అక్కా?”

ఆమె సీసాను కొంగుతో తుడిచింది. “మీ ఆయన ఏం పని జేస్తడు?” అంది.

“బాయిల బొగ్గు కొడ్తడు.”

“మా ఆయన గూడ గదే,” అంటూ సీసా నా చేతిలో పెట్టింది. ఆమె చేతికి గాజులు లేవు.

మరుసటి వానాకాలానికి నా చేతులూ బోసిపోయాయి.

మొన్న పక్కింటి పిల్ల, మొగుడు దగ్గుతున్నాడని సీసా అడగవచ్చింది. ఆ పెద్దామె ఇచ్చిన సీసా అటక మీదే ఉంది.

“మా ఇంట్ల సీసా లేదు బిడ్డా,” అన్నాను.