మోకాళ్లమ్మ

బడికి ఎదురుగా మిషను పెట్టుకున్న టైలరమ్మను పిల్లలంతా "మోకాళ్లమ్మా" అని పిలిచేవారు. మరి రోజంతా ఆమె కుట్టేది చినిగిన మోకాళ్లనే! "ఇవి ప్యాంట్లా, చిక్కాలా? నేల మీద నడుస్తారా, దొర్లుతారా?" అని తిడుతూనే మాసికలు వేసేది.

అలాంటిది ఒక సంవత్సరం మోకాళ్లు రావడం ఆగిపోయింది. బేరం పోయినందుకు కాదు గానీ, ఆమెకు దిగులు పట్టుకుంది. పిల్లలు పడటం లేదంటే ఆడటం లేదనే కదా! దెబ్బలు తగులుతాయని బడి వెనక ఖాళీ స్థలానికి తాళం వేశారట. సరిగ్గా అప్పుడే, బడి ఆవరణల్లో ఆటలూ ఆరుబయట పాఠాలూ పెట్టించే సేవాసంస్థ వాళ్లు సంచి కుట్టించుకోవడానికి వచ్చారు. మాటా మాటా కలిసింది. ఇంకేముంది, మోకాళ్లమ్మ వాళ్లలో మనిషైపోయింది.

వాళ్ల పద్ధతే వేరు. ఉయ్యాలలు తేరు, జారుడుబల్లలు తేరు. పాత టైర్లు, చెక్కపలకలు, తాళ్లు కుప్ప పోస్తారు. పెద్దవాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలి. పిల్లలు పిలిస్తే తప్ప ముందుకు రాకూడదు.

బడి పెద్దసారు ఒకే ఒక్క రోజుకు ఒప్పుకున్నాడు. తనకు నచ్చకపోతే స్థలమంతా గచ్చు చేయించి స్కూటర్లూ కార్లూ పెట్టుకుంటామని తేల్చేశాడు. ఆ పొద్దున మోకాళ్లమ్మ కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు! "బడికి నువ్వే వెళ్తున్నట్టున్నావే, జడ వెయ్యనా?" అని మొగుడు వేళాకోళమాడాడు.

తీరా వెళ్లి చూస్తే నెత్తిన పిడుగు పడ్డట్టయింది. అటెండరు, పాపం మంచివాడే, పెద్దసారు వస్తున్నాడని టైర్లన్నీ కడిగి, వరసగా పేర్చి, చుట్టూ తాడు కట్టేశాడు. పిల్లలు తాడు బయట బుద్ధిగా చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"కొంప ముంచావు కదా బాబాయ్!"

"అదేంటమ్మా, ఎంత కళగా ఉందో చూడు!"

పెద్దసారు వచ్చి చూసి, పెదవి విరిచాడు. "ఒక్కరూ ఆడటం లేదేంటమ్మా? ఇంక గచ్చు పనివాళ్లకు కబురు పెడతాను" అంటూ వెనుదిరిగాడు.

మోకాళ్లమ్మకు ఏడుపొక్కటే తక్కువ. మెళ్లో వేలాడుతున్న కత్తెర తీసి, తాడును కసుక్కున కత్తిరించింది. "కానివ్వండర్రా!" అని అరిచి, చేతులు వెనక్కి కట్టేసుకుంది.

అంతే! ఎక్కడి అరుపులు, ఎక్కడి కేకలు! వెళ్లబోతున్న పెద్దసారు ఆ గోలకు వెనక్కి వచ్చాడు. టైర్లు కడిగిన నీళ్లు పల్లంలో చేరి మడుగు కట్టాయి. పిల్లలు దాని మీద పలకలతో వంతెన కట్టేశారు. రెండు జడల పిల్ల సగం దాటేసరికి పలక ఊగింది.

"సార్, పడిపోతున్నా! ఆ చివర పట్టుకోండి!"

పెద్దసారు ఒక్క ఉరుకు ఉరికి బురదలో మోకరిల్లి పలక పట్టుకున్నాడు. కింద కంకరరాయి తగిలి ప్యాంటు పర్రున చినిగింది.

"కదలకండి సార్, మేమూ దాటాలి!" అన్నారు వెనక పిల్లలు.

ఆయన కదల్లేదు. ఆఖరి పిల్లాడు దాటాక లేచి, మోకాలు చూసుకున్నాడు.

"గచ్చు వాళ్లను రావద్దను" అని అటెండరుతో చెప్పి, ఆయన ఆమె వైపు తిరిగాడు. "మాసిక కాస్త గట్టిగా వెయ్యండమ్మా. రేపు మళ్లీ ఇక్కడికే రావాలిగా!"