అయిదున్నరకి ఎర్రనీళ్లు

మొన్న ఆదివారం మా మనవరాలు స్నానాలగదిలో దూరి గంటసేపు తలుపు తీయలేదు. ఏం వెలగబెడుతోందో చూద్దామని వెళ్తే తలుపు సందులోంచి నారింజ షర్బత్తు వాసన వచ్చింది. షర్బత్తు పొడిని గోరువెచ్చని నీళ్లలో చిక్కగా కలిపి జుట్టుకి పట్టిస్తే రంగు అంటుకుంటుందని ఫోనులో ఎవరో చూపించారట. ఒక్క పాయకే అమ్మమ్మా అంది గాని, చెవులకీ మెడకీ గోడకీ కూడా పట్టించింది. నాలుగు తిట్టి, మగ్గుతో నీళ్లు పోయబోయి, తూము దగ్గర ఆగిపోయాను. తెల్లటి పలకల మీద ఎర్రనీళ్లు మెల్లగా జారుతున్నాయి. అప్పుడు టైమెంతయిందో గడియారం చూడకుండానే నాకు తెలుసు.

పెళ్లైన కొత్తలో మేం కంచరపాలెంలో, రైలుపట్టాలకి ఇవతల, నాలుగు గదుల పెంకుటింట్లో ఒక గది అద్దెకి తీసుకున్నాం. ఉక్కు కర్మాగారానికి ఇంకా గోడలు లేస్తున్న రోజులవి. మా ఆయన అక్కడే పనికి కుదిరి, పొద్దున్న వెళ్తే చీకటి పడ్డాక వచ్చేవారు. మా పక్కగదిలో పైడమ్మక్క, ఆమె అత్త గౌరమ్మ ఉండేవారు. పైడమ్మక్కకి ముప్ఫై అయిదేళ్లుంటాయేమో. పూర్ణా మార్కెట్లో ఒక సాయిబుగారి కొట్లో చింతపండు గింజలు తీసే పని చేసేది. ఆమె భర్త ఓడరేవులో ఇనుప ఖనిజం రాశులు పోసే యార్డులో చేసేవాడట. మేం దిగడానికి నాలుగు నెలల ముందు, ఒక పొద్దున్న ఇంట్లోనే గుండె పట్టుకుని కూర్చుని, అలాగే పోయాడు. కాబట్టి ఆయన్ని నేను చూడలేదు. విన్నాను మాత్రం.

మొదటి వారంలోనే విన్నాను. మా రెండు గదుల వెనకా ఒకటే పెరడు, అందులో తడికలు కట్టిన స్నానాలగది, అక్కణ్ణించి గౌరమ్మ కూర్చునే మెట్టు పక్కగా, మా పెరటి గుమ్మం ముందుగా పోయే కాలవ. సాయంత్రం అయిదున్నరకి తడికల వెనక నీళ్ల చప్పుడయింది. ఎవరో మగమనిషి గొంతు సవరించుకున్నాడు, రెండుసార్లు. తర్వాత మా గుమ్మం ముందునుంచి ఎర్రటి నీళ్లు పోయాయి. మెట్టు మీద గౌరమ్మ నాకేసి తిరిగి నవ్వింది. ఆమెకి చూపు బాగా మసక. "మావోడు డూటీ దిగి వొచ్చీసేడమ్మా. తల మీద ఆ దూళి సూడు, ఎన్ని నీల్లు పోసినా ఒదల్దు" అంది. నేను లోపలికొచ్చి గడియ పెట్టుకుని, మా ఆయన వచ్చేదాకా దీపం కూడా వెలిగించలేదు.

మిగతా రెండు గదుల వాళ్లు అప్పటికే అయిదుకల్లా తలుపులేసుకోవడం అలవాటు చేసుకున్నారు. నాకు సంగతంతా చెప్పింది, గది అద్దెకిచ్చిన ఇంటామె. ఖనిజం యార్డులో చేసేవాళ్ల జుట్టు ఎప్పుడూ ఎర్రగానే ఉండేదట. ఆయన రోజూ అయిదున్నరకి సైకిలు దిగి అదే స్నానాలగదిలో తల కడుక్కునేవాడట, ఆ నీళ్లు అలాగే పారేవట. "మడిసి పోయేడు గాని నీల్లు ఆగనేదు. అమాస దాకా సూస్తాను. అప్పుడికీ ఆగకపోతే దెయ్యాల్ని కట్టేవోడిని తెస్తాను, ఆ ముసిల్దాన్ని కూకోబెట్టి ఏపమండల్తో నాలుగు తగిలిస్తే అన్నీ ఒదుల్తాయి. ఒప్పుకోపోతే గది కాళీ సెయ్యమను" అంది. ఒక డెబ్భై ఏళ్ల మనిషిని వేపమండలతో కొట్టిస్తానని ఆవిడ పప్పు ఏరుకుంటూ చెప్పింది. దెయ్యం కంటే ఆ మాటకే ఎక్కువ భయపడ్డాను.

నా భయం ఎలా వదిలిందో చెబితే నవ్వుతారు. ఒక సాయంత్రం గిన్నెలు తోముతూ పొద్దు మరిచిపోయాను. ఎర్రనీళ్లు వచ్చి నేను కడిగి బోర్లించిన పళ్లేనికి తగిలాయి. పళ్లెం పైకి తీశాను. నారింజ వాసన. పెళ్లికొచ్చినవాళ్లకి ఇచ్చే షర్బత్తు వాసన. చచ్చినవాడు షర్బత్తు తాగి వస్తాడా అని ఒళ్లు మండింది నాకు. లేచి వెళ్లి తడిక పక్కకి లాగాను.

లోపల పైడమ్మక్క. మొగుడి లుంగీ, మొగుడి చొక్కా. భర్త పోయాక సింహాద్రి అప్పన్నకి తలనీలాలిచ్చిందని, ఎప్పుడూ కొంగు కప్పుకునే ఉంటుందని తెలుసు గాని, ఆ తల చూడటం అదే మొదలు. బొటనవేలెడు పెరిగిన జుట్టు, దాన్నిండా ఎర్రటి నురగ, నుదుటి మీదకి కారుతున్న రంగు. నన్ను చూసి ఉలిక్కిపడలేదు. వేలు పెదవుల మీద పెట్టుకుంది. తర్వాత బయటికొచ్చి, అత్తకి వీపు పెట్టి మెట్టు కింద గొంతుక్కూర్చుంది. గౌరమ్మ తువ్వాలుతో ఆ తల తుడిచింది. తువ్వాలు ఎర్రబడుతుంటే ముసలామె మొహం తేటపడింది. తుడవడం అయ్యాక ఆ లుంగీ మనిషి లోపలికి వెళ్లిపోయాడు. కాసేపటికి కొంగు కప్పుకుని పైడమ్మక్క బువ్వ పళ్లెంతో బయటికొచ్చింది. గౌరమ్మ మెతుకు మిగల్చకుండా తింది.

మర్నాడు పైడమ్మక్కే నా దగ్గరికొచ్చి కూర్చుంది. "ఏటి సెయ్యమంతావు సెల్లీ? కొడుకు పోయేడని రెండుసార్లు సెప్పేను. రెండుసార్లూ అప్పుడే ఇన్నట్టు ఏడిసింది, మూడేసి రోజులు మెతుకు ముట్టనేదు. మర్సిపోయి మల్లీ గుమ్మంలో కూకుంతాది. మూడోసారి సెప్పితే బతకదు" అంది. మొదట్లో ఆయన బట్టల్లోని ధూళి దులిపి డబ్బాలో దాచుకుని వాడిందట. అది అయిపోయింది. ఇటుకపొడి రుద్దితే తల పుండయింది. కుంకం కొనబోతే, నీకెందుకమ్మా అన్నట్టు చూశారు. ఆఖరికి షర్బత్తు పొడి దొరికింది. రంగు బాగా పట్టాలని ఒకసారి చింతపండు పులుసు కలిపిందట, పులుపుకి రంగు పట్టేసి వారం రోజులు తలకున్న కొంగు తీయలేకపోయింది. "మనకి పట్టీసే రంగు కాదు సెల్లీ, తువ్వాలుకి ఒదిలీసే రంగు కావాల" అంది. పనిలో కిటుకు చెబుతున్నట్టే చెప్పింది. అందులో ఏడుపు లేదు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. ఒక మనిషి కోసం ఇంకో మనిషి ఎంతదూరం వెళ్తుందో ఆ పూట మొదటిసారి చూశాను.

అమావాస్య ఇంకా మూడు రోజులుందనగా పైడమ్మక్కకి జ్వరం తగిలింది. చాప మీంచి లేవలేకపోయింది. అయిదు దాటాక నన్ను పిలిచి లుంగీ, చొక్కా, సగం పాకెట్టు పొడి చేతిలో పెట్టింది. "ఈ ఒక్క పూటా" అంది. నాకు నడుం దాకా జడ. దాన్ని చొక్కా లోపలికి దోపుకుని కాలర్ పైకి లేపాను. తడికల వెనక చెంబులో పొడి కలిపి నడినెత్తిన పోసుకున్నాను. కళ్లు మండాయి, పెదవుల మీదకి పుల్లగా కారింది. అప్పుడు నా వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు, రెండుసార్లు. పైడమ్మక్కే జ్వరంలో లేచి వచ్చి, లోటు లేకుండా ఆ చప్పుడు చేసి వెళ్లిందనుకున్నాను. కళ్లు తెరిచి చూసే వీలు లేకపోయింది.

మెట్టు కింద కూర్చున్నాను. గౌరమ్మ చేతులు ఎండుకట్టెల్లా ఉన్నా తుడవడం మాత్రం మెత్తగా తుడిచింది. నా మెడ దగ్గర, జడ మొదట్లో, ఆ చెయ్యి ఒకసారి ఆగింది. ఆమె వంగి నా చెవిలో చెప్పింది.

"నాయనా, నువ్వు సచ్చిపోయేవని నాకు తెల్సురా. కోడలు సెప్పింది, నాను మర్సిపోనేదు. నువ్వొచ్చిన ఏలకి పిల్ల ఎక్కడా అగుపడదు. బయపడి ఏ మూలనో నక్కుతంది, నాతో సెప్పుకోనేదు. దానికి తెలీకూడదని నానూ ఏటీ ఎరగనట్టే ఉంతన్నాను. సిక్కి సగమైపోయింది, ఇయ్యాల జొరం కూడా తగిల్నాది. ఇంక రాకు బావూ. నాను బువ్వ తింతాను. నువ్వెల్లిపో."

ఆ మాటలు కొడుక్కే చెప్పిందో, జడ తగిలాక నాకు చెప్పిందో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఎలా లేచి లోపలికి వెళ్లానో గుర్తు లేదు. పైడమ్మక్కకి అంతా చెప్పేశాను. ఆమె నమ్మలేదు. మతిలేని మనిషి మాటలు అంది. కానీ మర్నాడూ జ్వరం తగ్గలేదు, నాకా చెంబు ముట్టుకునే ధైర్యం లేదు. అయిదున్నరకి ఇద్దరం కిటికీ దగ్గర నిలబడ్డాం. గౌరమ్మ పొడిగా ఉన్న కాలవకేసి చాలాసేపు చూసింది. తర్వాత లోపలికి తిరిగి, "పైడీ, ఉంతే ఇంత బువ్వెట్టు. నీకూ ఎట్టుకో" అంది. పైడమ్మక్క అప్పుడు ఏడ్చింది. అన్ని నెలల ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది. ఎర్రనీళ్లు ఆగిపోయాయి. అమావాస్యకి ఎవరూ రాలేదు. తన గుమ్మానికి కట్టిన గుమ్మడికాయ మహిమేనని ఇంటామె వీధంతా చెప్పుకుంది.

జ్వరం తగ్గాక ఒకరోజు నేనే అన్నాను, "అన్నీ సరే గాని అక్కా, మగాడిలా ఆ గొంతు సవరింపు ఎక్కడ నేర్సుకున్నావు? నానైతే హడిలిపోయేదాన్ని." పైడమ్మక్క జుట్టు ఆరబెట్టుకుంటోంది. చెయ్యి ఆగింది.

"గొంతా? గొంతిప్పితే ఆడదాన్నని తెల్సిపోదేటే? ఒక్కపూట కూడా నోరు మెదపనేదు నాను" అంది. "నువ్వూ ఇన్నావా?" అని మెల్లగా అడిగింది. ఇద్దరం ఆ తడికల వైపు చూడలేదు. ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తుకోలేదు.

రెండేళ్ల తర్వాత మేం గది మారాం. గౌరమ్మ ఆ ఏడే పోయిందని, పైడమ్మక్క పెంచుకున్న జుట్టు మళ్లీ అప్పన్నకి ఇచ్చిందని విన్నాను. తర్వాత కబురు తెలియలేదు. ఇప్పుడు మా అమ్మాయిది కూడా ఆ కర్మాగారంలోనే ఉద్యోగం, ఉక్కునగరం క్వార్టర్లో దాని దగ్గరే ఉంటున్నాను. మా ఆయన పోయి మూడేళ్లయింది. ఆయన జనరల్ షిఫ్టు చేసిన రోజుల్లో అయిదున్నరకి గేటు గడియ తీసుకుని వచ్చేవారు. ఆ గడియ చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. ముసలితనం అనుకుంటాను. గౌరమ్మలా గట్టిగా ఒక్క మాట చెప్పేయాలని రోజూ అనుకుంటాను. ఆ మాట చెప్పడానికి ఎంత గుండె ఉండాలో ఇప్పుడు తెలుస్తోంది.

ఆదివారం మా మనవరాలిని మెట్టు మీద కూర్చోబెట్టి తల తుడిచాను. తువ్వాలు ఎర్రబడుతోంది. రంగు పోతోందని అది ఒకటే గునుస్తోంది. ఉన్నట్టుండి గునుపు ఆపి గేటుకేసి తల తిప్పింది.

"అమ్మమ్మా, గడియ తీస్తున్నారు. ఎవరో వచ్చారు."

గేటు దగ్గర ఎవరూ లేరు. నేను తుడవడం ఆపలేదు.

"రానీ" అన్నాను.