మూడు తాళాల ఇల్లు

ఆ రోజుల్లో నాకు ఎవరితోనూ ‘వద్దు’ అనడం వచ్చేది కాదు. బండి దగ్గర పుచ్చు వంకాయలు కళ్ళెదుటే సంచిలో వేస్తున్నా చూస్తూ ఊరుకునేదాన్ని. షేర్ ఆటోలో ముగ్గురి సీటు మీద ఐదో మనిషిని ఎక్కిస్తే నేనే ఒళ్ళు ముడుచుకుని చోటిచ్చేదాన్ని. విన్న కథే మళ్ళీ చెబుతుంటే ‘అవునా, తర్వాతేమైంది?’ అని ముఖం కొత్తగా పెట్టేదాన్ని. (ఇప్పుడు నన్ను ఎరిగినవాళ్ళు ఇది నమ్మరు. మా వీధిలో చెత్త బండి డ్రైవరు నన్ను చూడగానే పాట ఆపేస్తాడు.) అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. మొయినాబాద్ దగ్గర ఒక కాలేజీ ఆఫీసులో ఫీజు రసీదులు రాసే మొదటి ఉద్యోగం. ఆ మొహమాటం పుణ్యాన నేను ఒకే ఇంటిని ముగ్గురు బ్రోకర్లతో మూడుసార్లు చూశాను. మూడుసార్లూ మొదటిసారి చూస్తున్నట్టే చూశాను. తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది. ఎందుకో చెబుతాను.

మేము చేవెళ్ళలో కిరాయికి ఉండేవాళ్ళం. నానమ్మ దవాఖానలో పోయిన రోజు, ఇంటి ఓనరమ్మ గేటుకు అడ్డంగా నిలబడి ‘లోపలికి తేవద్దు’ అంది. ఇది ఏ కిరాయి కాగితంలోనూ ఉండదు, అందరికీ తెలుసు. మనిషి బతికున్నంతకాలమే కిరాయిదారు. పోయాక ఆ మనిషి ఆ గడప తొక్కకూడదు. చేసేదేమీ లేక టైర్ల దుకాణం ముందు రోడ్డు పక్కన టెంటు వేసి నానమ్మను పడుకోబెట్టాం. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టిన ప్రతిసారీ ఏదో ఒక లారీ హారన్ కొట్టేది. ఆయన ఓపిక పట్టి పట్టి, చివరికి కళ్ళు మూసుకునే ‘ఆమెన్’ను నాలుగు వాక్యాలు ముందుకు జరిపేశారు. బాపు మాత్రం ఆ రోజంతా తల్లి తల దగ్గర నిలబడి, బళ్ళు దగ్గరికి రాకుండా చేత్తో పక్కకు పొమ్మంటూనే ఉన్నాడు. ఏడవడానికి కూడా ఆయనకు తీరిక దొరకలేదు.

రెండేళ్ళకు బాపు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవడానికి దవాఖానకు పోవాలి. ఆయన ముప్పై ఏళ్ళు చేవెళ్ళ మార్కెట్లో కూరగాయలు అమ్మినవాడు, బేరంలో ఎవరికీ ఓడనివాడు. డాక్టరుతో కూడా వారానికి ఒక్కసారి వస్తే చాలదా అని బేరమాడాడు, అక్కడ మాత్రం కుదరలేదు. ఇంటికొచ్చి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, “బిడ్డా, ఒక్క మాట. నన్ను అవ్వ లెక్క రోడ్డు మీద పండవెట్టకు. సొంతింట్ల నుంచి పోవాలె నేను” అన్నాడు. ఆలూరులో ఉన్న కాస్త చెలక భూమీ అమ్మేశాడు. మిగతాది నా జీతం మీద బ్యాంకు లోను. ఇల్లు వెతకడం మొదలైంది. ఇల్లు కావాలంటే మా దగ్గర ఎవరూ ఒక్క మనిషికి చెప్పి ఊరుకోరు. మేమూ దొరికినవాళ్ళందరికీ చెప్పాం. అమ్మేవాళ్ళూ అంతేనని నాకు అప్పటికి తెలియదు.

మొదట పిలిచింది అమ్మకు అన్న వరసయ్యే టవల్ మామ. ఎండాకాలం చలికాలం అని లేకుండా ఆయన భుజం మీద తడి టవల్ ఉంటుంది. హిమాయత్‌నగర్‌లో (పట్నంలోది కాదు, మొయినాబాద్ పక్కనున్న ఊరు), చేవెళ్ళ రోడ్డు నుంచి కాస్త లోపలికి, రెండు గదుల ఇల్లు. గేటు మీద ఇనుప నెమలి, దానికి ఒక కాలు విరిగి ఉంది. లోపలికి అడుగు పెట్టగానే బాపు గోడలు చూడలేదు, నల్లాలు తిప్పలేదు. నేరుగా హాల్లోకి వెళ్ళి బండల మీద వెల్లకిలా పడుకున్నాడు. మామ హడలిపోయి, “అరే బావా! బీపీ గిట్ల వడిపోయిందా? నీళ్ళు దెండ్రి!” అని టవల్‌తో ఆయన ముఖానికి విసరడం మొదలుపెట్టాడు. బాపు కళ్ళు తెరవకుండానే, “ఏం గాలే. తల ఇటు, కాళ్ళు అటు. పెట్టె సక్కగ వడ్తది. సుట్టూ ఇరవై మంది నిలవడొచ్చు” అన్నాడు. (ఇల్లు కొనేటప్పుడు హాలుని సోఫాతో కొలిచేవాళ్ళుంటారు, మంచంతో కొలిచేవాళ్ళుంటారు. మా బాపు తనతో కొలుచుకున్నాడు.) నేను వంటగదిలోకి వెళ్ళి, గట్టు బాగుందో లేదో చూస్తున్నట్టు నటిస్తూ ఏడ్చాను.

రెండు రోజులకు నల్లద్దాల అన్న ఫోన్ చేశాడు. ఈయన ఇంట్లోకి వెళ్ళినా కళ్ళద్దాలు తీయడు. “కార్నర్ బిట్ చెల్లె, మల్ల దొరకది” అని కారులో వేరే దారిన, పొలాల పక్క నుంచి తిప్పి తిప్పి తీసుకెళ్ళాడు. దిగి చూస్తే కాలు విరిగిన నెమలి. ‘అన్నా, ఇది చూశాం’ అనే మాట గొంతుదాకా వచ్చింది. పాపం అంత దూరం పెట్రోలు పోసుకుని తెచ్చాడు, చిన్నబుచ్చుకుంటాడేమో అనిపించింది. పైగా బాపు నా మోచేయి గిల్లి, “సప్పుడు జెయ్యకు. వీడు ఎంత చెప్తడో సూద్దాం” అన్నాడు. అన్న చెప్పిన రేటు మామ చెప్పినదానికంటే రెండు లక్షలు తక్కువ. బాపు మళ్ళీ హాల్లో పడుకున్నాడు, పాత కొలత మీద నమ్మకం లేనట్టు. నేను “బాగుంది అన్నా, ఇట్లాంటి ఇల్లు ఎక్కడా చూడలేదు” అన్నాను. ఆ మాట ఎవరూ నన్ను అడగలేదు, నేనే అన్నాను.

మూడో మనిషి వీడియో అక్క. ఇళ్ళను ఫోన్‌లో తీసి అందరికీ పంపించడం ఆమె వ్యాపారం. “గార్డెన్ హౌస్ చెల్లె” అంది. గార్డెన్ అంటే గోడ పక్కన ఉన్న ఒక్క జామచెట్టు. అదే నెమలి, అవే బండలు. బాపు షరా మామూలుగా పడుకున్నాడు. అక్క ఫోన్ ఆయన మీదికి తిప్పి, “చూడుండ్రి ఫ్రెండ్స్, అంకుల్‌కు ఇల్లు ఎంత నచ్చిందంటే అక్కడ్నే పండుకున్నడు!” అని, ఆ ఫోన్ నా ముందు పెట్టి “చెల్లె, ఎట్లున్నది?” అంది. “ఫస్ట్ టైం చూస్తున్న అక్కా, మస్తున్నది” అన్నాను. సాయంత్రానికి ఆ వీడియో హిమాయత్‌నగర్ అంతా తిరిగింది. టవల్ మామ చూశాడు, నల్లద్దాల అన్న కూడా చూశాడు.

బ్రోకర్లలో ఒక కట్టుబాటు ఉంది. ఇల్లు ముందు చూపించినవాళ్ళదే కమీషన్. హిమాయత్‌నగర్ చౌరస్తాలో హోటల్ ముందు పంచాయితీ పెట్టారు. “ఫస్ట్ నేను చూపించిన. చెప్పు బిడ్డా” అన్నాడు మామ. “అవును మామా” అన్నాను. “మరి నాతోటి గిట్లాంటి ఇల్లు యాడ చూడలె అన్నవ్ గద చెల్లె?” అన్నాడు అన్న. “అవును అన్నా.” “నా వీడియోల ఫస్ట్ టైం అని నీ నోటితోనే అన్నవ్, వాయిస్ ఉన్నది” అంది అక్క. “అవును అక్కా.” ముగ్గురికీ అవునన్న సాక్షిని చూడటం ఆ హోటల్‌వాడికి అదే మొదలు, చాయ్ పోయడం ఆపి నన్నే చూశాడు. డాక్టరు రెండు గుక్కలకు మించి తాగొద్దన్న చాయ్‌ని బాపు అరగంట నుంచి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. గ్లాసు కింద పెట్టి, “నా పంచాయితీ దేవునితోటి ఉన్నది. మీ పంచాయితీ జర జల్ది తెంపుండ్రి” అన్నాడు. ఎవరూ తెంపలేదు. ఒకరికి తెలియకుండా ఇంకొకరు మాతో అడ్వాన్సు కట్టించి బయానా కాగితం రాయించుకుంటారని భయం, మర్నాటికి గేటుకు మూడు తాళాలు పడ్డాయి. పట్నంలో ఉన్న ఇంటి సారుకు ఫోన్ చేస్తే, “ముగ్గురూ ఒక మాట మీదికి రానీయమ్మా, నాకు వాళ్ళతోటి లొల్లి వద్దు” అన్నాడు. అమ్మకానికి ముగ్గురికీ చెప్పింది ఆయనే.

ఏడు వారాలు గడిచాయి. రోజూ కాలేజీకి పోతూ ఆటోలోంచి ఆ సందు వైపు చూసేదాన్ని. రెండోసారి వెళ్ళిన రోజే ‘చూశాం అన్నా’ అని రెండు ముక్కలు అని ఉంటే, బాపు ఈపాటికి ఆ హాల్లో మంచం వేసుకుని ఉండేవాడు. నా మీద నాకే అసహ్యం వేసేది. బాపు ఒక్కసారి కూడా నన్ను తిట్టలేదు, తిట్టి ఉంటే బాగుండేది.

ఒక మంగళవారం మధ్యాహ్నం దవాఖానలో, రక్తం ఎక్కే గొట్టాలు చేతికి ఉండగానే బాపు పోయాడు. అంబులెన్స్ చేవెళ్ళ చేరేసరికి ఓనరమ్మ అదే చోట నిలబడి ఉంది. “ఏమనుకోకు బిడ్డా, మా పిల్లకు సంబంధం సూస్తున్నం, రేపు ఒస్తుండ్రు” అంది. టైర్ల దుకాణం వాళ్ళు మా కోసమని అప్పుడే టైర్లు పక్కకు జరుపుతున్నారు, మంచితనంతోనే. ఆ ఖాళీ అవుతున్న చోటు చూడగానే నాకు ఏదో అయింది. డ్రైవర్‌ని హిమాయత్‌నగర్ పోనిమ్మన్నాను. దారిలో ముగ్గురికీ ఫోన్ చేశాను. “బాపును తీసుకొస్తున్న. తాళం తియ్యుండ్రి” అన్నాను. జర, దయచేసి, మీకు వీలైతే, ఇవేవీ అనలేదు.

మేము వెళ్ళేసరికి టవల్ మామ తన తాళం తీసి టవల్ నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు. నల్లద్దాల అన్న అద్దాలు తీసేశాడు (చిన్న కళ్ళు, అంతవరకూ నేను చూడలేదు), తన తాళం తీశాడు. అక్క శంకర్‌పల్లిలో ఎవరికో ప్లాట్లు చూపిస్తోంది, గంట పడుతుందట. “సారును ఒక్క మాట అడగాలె గద చెల్లె” అంది ఫోన్‌లో. “అడగను అక్కా” అని పెట్టేశాను. గేటు పక్కన పడి ఉన్న రాయి తీసుకుని కొట్టాను. మూడో దెబ్బకు తాళం ఊడింది, దాంతోపాటు నెమలి రెండో కాలూ పోయింది. ఏడు వారాలుగా మాట్లాడుకోని ఆ ఇద్దరూ చెరో తలుపు పట్టుకుని తెరిచారు. తల ఇటు, కాళ్ళు అటు. ఎక్కడ పెట్టాలని ఎవరూ అడగలేదు, అందరూ వీడియో చూసినవాళ్ళే. పాస్టరు గారు ఒక్క హారన్ కూడా లేకుండా ప్రార్థన పూర్తి చేశారు. అలవాటు తప్పినందుకేమో, మధ్యలో రెండుసార్లు ఆగి రోడ్డు వైపు చూశారు. అక్క గంట తర్వాత పరుగెత్తుకుంటూ వచ్చింది. ఫోన్ సంచిలోంచి బయటికి తీయలేదు.

సమాధి చేసిన మర్నాడు ఇంటి సారు ఊగిపోతూ దిగాడు. “నన్ను అడగకుండ శవాన్ని పెడ్తరా? ఇగ ఈ ఇల్లు ఎవడు కొంటడు?” అన్నాడు. “నేను కొంట” అన్నాను. ఆయన కాస్త చల్లబడ్డాడు. “కాని ఆ రేటుకు కాదు సార్. మీరే అంటున్నరు కద, ఇంకెవరు కొనరని” అన్నాను. ఆ గొంతు నాదేనా అని నేనే తిరిగి చూసుకున్నాను. అమ్మ ఏడుపు ఆపి, “నీకు బాపు బుద్ధులు ఇయ్యాల వచ్చినయానె” అంది. గంటసేపు బేరం నడిచింది. నల్లద్దాల అన్న చెప్పినదానికన్నా మూడు లక్షలు తక్కువకు తెగింది. ముగ్గురు బ్రోకర్లూ ఒక్క కమీషన్‌ను పంచుకున్నారు, మామ తన వాటా బాపు సమాధి రాయికి ఇచ్చాడు.

ఆ ఇంట్లోనే ఇప్పుడు ఈ ముక్కలు రాస్తున్నాను. వీడియో తీసేస్తానని అక్క అంటే వద్దన్నాను. ఎప్పుడైనా ఒంటరిగా ఉన్నప్పుడు పెట్టుకుని చూస్తాను. అందులో ఒక పిచ్చిపిల్ల, చున్నీ కొస నలుపుకుంటూ, మూడోసారి చూస్తున్న ఇంటిని ‘ఫస్ట్ టైం చూస్తున్న అక్కా’ అంటుంది. ఆ పిల్లను గట్టిగా తిట్టాలనిపిస్తుంది, దగ్గరికి తీసుకోవాలనీ అనిపిస్తుంది. ఆమె వెనక బండల మీద బాపు ఒక కన్ను మాత్రం తెరిచి, లేవకుండానే అక్కతో అంటాడు: “ఇల్లు మంచిగనే ఉన్నది బిడ్డా. రేటే జర ఎక్కువున్నది.”

“తగ్గించిన బాపూ” అంటాను ఫోన్‌తో, ప్రతిసారీ.