పాట ఆగే చోటు

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు ఆగిపోతాయని సింగపూర్ ఆఫీసులన్నీ కంగారు పడుతున్న రోజులవి. మా టెస్టింగ్ టీమ్‌లో ఒక బ్రెజిల్ ఆవిడ ఉండేది. ప్రోగ్రామ్ నడుస్తున్నంతసేపూ సన్నగా ఒక పాట పాడుకునేది. ప్రతిసారీ ఒకే చోట టక్కున ఆపేసేది.

ఒక శనివారం సాయంత్రం బుకిట్ పంజాంగ్‌లోని మా ఫ్లాట్‌కి భోజనానికి వచ్చింది. కిటికీలోంచి చందమామని చూపిస్తూ నా భార్య మా నాలుగేళ్ల పాపకి పప్పన్నం పెడుతోంది. అది చూసి ఆవిడ తన పాట ఎత్తుకుంది. మళ్లీ అక్కడే ఆపింది.

"ఎందుకు ఆపేస్తారు?" ఉండబట్టలేక అడిగేశాను.

అమెజాన్ ఒడ్డు ఆదివాసీ అయిన వాళ్ల అమ్మమ్మ నేర్పిన పాటట. చంద్రుణ్ణి ప్రేమించిన ఒక అమ్మాయి నీళ్లలో అతని నీడ చూసి, దిగొచ్చాడనుకుని దూకేస్తుంది.

"తర్వాత చంద్రుడు ఆమెని పెద్ద తామరపువ్వుగా మారుస్తాడు. పువ్వయితే ఏం లాభం? పిల్ల మునిగిపోయిందిగా! అది నేను పాడను," అంది కోపంగా.

పాపకి ఆ కథ తెలుగులో చెప్పాను. అది ముద్ద మింగి, సింగపూర్ పిల్లల్లా మాట చివర 'లా' తగిలిస్తూ, "మునగదు లా, ఆంటీ! మామ కదా, పట్టుకుంటాడు," అంది.

పాప మాట ఇంగ్లీషులో చెప్పి, మేం చంద్రుణ్ణి మామ అంటామనీ, మామంటే అమ్మ తోడబుట్టినవాడనీ ఆవిడకి వివరించాను. ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది.

సోమవారం ఆఫీసులో ఆ పాట ఆగే చోట ఆగలేదు. అర్థంకాని ఆ మాటల మధ్య, మేనకోడలెవరో గుమ్మంలోంచి పిలిచినట్టు, "మామా" అని వినిపించింది.